నలుగురి పేర్లున్న టిష్యూ పొట్లం

అమ్మ కుట్టుమిషను సొరుగులో అది దొరికింది. గత నెలలో ఒక శనివారం సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్ పేటలో అమ్మ ఫ్లాట్ సర్దుతున్నాం. అమ్మ ఇక సెంగ్‌కాంగ్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. మిషను మాత్రం బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటికి తీసుకుపోతానని నేను ముందే చెప్పి పెట్టాను. చూపు తగ్గినప్పటి నుంచి అమ్మ దాన్ని ముట్టుకోవడం లేదు, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంటోంది. సొరుగు లాగితే బాబిన్లు, అరిగిపోయిన సుద్దముక్కలు, అట్టకు గుచ్చిన హుక్కులు, వాటన్నిటి అడుగున ఒక టిష్యూ పొట్లం. ఎవరూ విప్పలేదు. పైన ప్లాస్టిక్ మసకబారింది గాని లోపల చిన్న అట్ట మీద అచ్చేసిన నాలుగు బొమ్మలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి. కత్తెర, దువ్వెన, మిఠాయి ముక్క, తాళంచెవి. నేను నేల మీద చతికిలబడి "అమ్మా, ఒకటి మిగిలింది!" అని అరిచాను.

మా అమ్మాయి మైత్రి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాకు దెబ్బ తగిలిందేమో అనుకుంది పాపం. "ఏంటి మమ్మీ, టిష్యూ ప్యాకెట్టే కదా లా!" అంది. దాని ఉద్యోగమే కంపెనీల సరుకులకు ప్రచారం చేసి పెట్టడం. రెండు కంపెనీలు కలిసి ఒకరి సరుకు గురించి ఇంకొకరు చెప్పుకుంటే దాన్ని 'కొలాబ్' అంటారనీ, అది కొత్త పద్ధతనీ నాకు చాలాసార్లు వివరించింది. ఆ పొట్లం దాని చేతిలో పెట్టి, "ఇదిగో నీ కొలాబ్. నువ్వు పుట్టకముందుది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో!

ఈ ఫ్లాట్ ఉన్న మా బ్లాకు కిందే అప్పట్లో నాలుగు చిన్న కొట్లు వరసగా ఉండేవి. మొదటిది అమ్మది, రత్నం టైలర్స్. పక్కన లిన్ ఆంటీ జుట్టు కత్తిరించే కొట్టు. ఆ తరవాత రోస్నా అక్క కుయే కొట్టు. కుయే అంటే కొబ్బరిపాలూ బియ్యప్పిండీ కలిపి, పాందాన్ ఆకు రసం పోసి, ఆవిరి మీద ఉడికించే మలయ్ మిఠాయి. చివర్లో, మెట్ల కింద ఇరుకులో, చెప్పులు బాగుచేసి తాళంచెవులు చేసే టాన్ అంకుల్. కళ్ళు మూసుకుని నడిచినా ఏ కొట్టు ముందున్నానో చెప్పగలిగేదాన్ని. మా కొట్టు ముందు మిషను నూనె, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆవిరి. లిన్ ఆంటీ దగ్గర ముక్కు మండించే రింగులజుట్టు మందు. రోస్నా అక్క దగ్గర, అబ్బ, ఆ పాందాన్ వాసన! టాన్ అంకుల్ దగ్గర తోలు, జిగురు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే అమ్మ ఒక అగరొత్తి వెలిగించి మిషను చక్రానికి చూపించేది. అటు చివర టాన్ అంకుల్ తన ఎర్రటి దేవుడి గూటికి మూడు ఊదొత్తులు పెట్టేవాడు. రెండు పొగలూ వచ్చి రోస్నా అక్క కొట్టు ముందు కలిసేవి. ఆవిడ తువాలుతో విసురుకుంటూ "నా కుయేకి మీ ఇద్దరి దేవుళ్ళ వాసనా పట్టిస్తున్నారు" అని దగ్గేది. నలుగురూ మాట్లాడుకునే భాష మలయ్, ఇంగ్లీషు, తమిళం కలిపిన ఒక కిచిడీ. ఇక్కడ వాళ్ళ మాటలు తెలుగులోనే రాస్తున్నాను. ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' మాత్రం తీసేస్తే అవి వాళ్ళ మాటలు కావు.

అమ్మ ఆ కొట్టు తెరవకముందు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పని చేసేది. రోజంతా భూతద్దంలోంచి చూస్తూ సన్నటి తీగలు అతికించడం. పక్క సీటు మనిషితో మాట్లాడకూడదు. ఇంటికొచ్చి తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకునేది. శ్రీకాకుళం జిల్లాలో పది ఇళ్ళకు వినబడేలా మాట్లాడుతూ పెరిగిన మనిషి, ఎనిమిది గంటలు నోరు మూసుకుని ఉండడమే ఆవిడకు అన్నిటికన్నా పెద్ద శిక్ష. నాన్న షిప్‌యార్డులో ఫోర్‌మన్ అయ్యాక ధైర్యం చేసి కొట్టు పెట్టింది. అక్కడ ఆవిడ కత్తెర ఎంత ఆడేదో నోరూ అంతే ఆడేది. కొలతలు తీసుకుంటూనే ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఏ పిల్లకు పెళ్ళి కుదిరిందో అన్నీ తెలుసుకునేది. అంతలో మా పేటకు రైలు వచ్చింది. అంతా సంబరపడ్డారు, మేమూ సంబరపడ్డాం. తరవాత తెలిసింది, స్టేషను మా బ్లాకుకు అటువైపని. బస్సు దిగి మా కొట్ల ముందు నుంచి నడిచి వెళ్ళే జనమంతా ఇప్పుడు రైలు దిగి, అక్కడే కొత్తగా కట్టిన మాల్ లోంచి ఇళ్ళకు పోతున్నారు. కొన్ని నెలల్లోనే మధ్యాహ్నాలు ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. దీపావళి తరవాత కొట్టు అద్దె కాగితం తిరగరాయాలి. "దీపావళి దాకా చూస్తాను సుజా. అప్పటికీ ఇలాగే ఉంటే మరేటి చేస్తాం, ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మంటున్నారు" అని అమ్మ ఒకరోజు కాజాలు కుడుతూ చాలా మామూలుగా అంది. మామూలుగా అన్నందుకే నాకు భయమేసింది.

అప్పుడు నా వయసు పద్దెనిమిది. పదో తరగతి దాటాక పాలిటెక్నిక్‌లో సీటుకు నా మార్కులు చాల్లేదు. అందుకని కొట్లో అమ్మకు సాయంగా ఉంటూ, మధ్యాహ్నం రెండు గంటలు లైబ్రరీకి పోయేదాన్ని. మొదట్లో ఏసీ కోసం వెళ్ళాననే నిజం ఇప్పుడు ఒప్పుకోవాలి. తరవాత పుస్తకాల కోసమే. పుస్తకాల ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చు కాబట్టి పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి ఇరవై మాటలు వెతుక్కుంటూ చదివాను. కార్డు మీద ఒకసారికి నాలుగు పుస్తకాలిచ్చేవారు. నాలుగూ ఇంటికి తెచ్చి, నోటుబుక్కులో ఎత్తి రాసుకుని, గడువుకు ముందే తిరిగి ఇచ్చి ఇంకో నాలుగు. నన్ను కాలేజీకి రానివ్వకపోతే కాలేజీ ఏ అరలో ఉందో నేనే చూసుకుంటాను అనే పంతం! లైబ్రరీలో ప్రతి విషయానికీ ఒక అంకె ఉంటుందని తెలిసిన రోజు నాకు పండగ. వ్యాపారం ఆరువందల యాభై ఎనిమిది. అమ్మ ఫ్యాక్టరీ మాట ఎత్తిన మర్నాడు నేరుగా ఆ అర ముందుకు వెళ్ళి నిలబడ్డాను. వరసపెట్టి చదివితే నాలుగో వారంలో దొరికింది. ఒకరికొకరు పోటీ కాని చిన్న వ్యాపారులు, ఒకే వీధి జనం మీద ఆధారపడినవాళ్ళు, కలిసి ఒకే ప్రకటన వేసుకుని ఖర్చు పంచుకోవచ్చు, ఒకరి కొట్టుకు వచ్చినవాణ్ణి ఇంకొకరి కొట్టుకు పంపొచ్చు. ఇంతే విషయం. కానీ ఆ పేజీ చదువుతుంటే నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఎదురుగా పత్రిక చదువుకునే ముసలాయనకు వినబడుతుందేమో అనుకున్నాను. జుట్టు కత్తిరించుకునే మనిషికి జాకెట్టూ కావాలి! జాకెట్టు కుట్టించుకునే మనిషికి చెప్పుల మడమ ఊడుతుంది! అందరికీ ఆకలేస్తుంది! ఇంత తేలికైన సంగతి మా వరసలో ఒక్కరికీ తట్టలేదు.

ప్రకటన దేని మీద అన్నది మాత్రం పుస్తకంలో లేదు. అది నా సొంతం. కరపత్రాలు లిఫ్టు దగ్గరే నేలపాలు కావడం రోజూ చూసేదాన్ని. సింగపూర్‌లో ఎవరూ పారేయనిది ఏమిటి? టిష్యూ పొట్లం. ఇక్కడి ఎండకూ కారానికీ అది లేకుండా ఎవరూ గడప దాటరు. అచ్చు వేసేవాళ్ళు ఒకేసారి వేల పొట్లాలైతేనే చేస్తామన్నారు. ఒక్క కొట్టు మోయలేని పని అది, నాలుగు కొట్లైతే కష్టం కాదు. ఒక సాయంత్రం నలుగుర్నీ మా కొట్లో కూర్చోబెట్టి నోటుబుక్కు తెరిచి ఉపన్యాసం మొదలుపెట్టాను.

టాన్ అంకుల్ చెప్పు మీద మేకు కొడుతూనే విన్నాడు. "పుస్తకంలో ఉందా? సరే. ఆ పుస్తకం రాసినవాడికి చెప్పుల కొట్టుందా?"

"లేదంకుల్, ఆయన ప్రొఫెసరు."

"మరి ఆయన చెప్పులు ఎవరు కుడుతున్నారు? వెళ్ళి ఆయన్ని అడుగు లా."

లిన్ ఆంటీ పగలబడి నవ్వింది. "ఈయన మాట వినకమ్మా. ఈయన పెళ్ళికి కూడా ఇలాగే రెండేళ్ళు ఆలోచించాడట" అంది. రోస్నా అక్క తన భాగం ఇస్తానని ఆ క్షణమే చెప్పేసింది, అయితే బొమ్మల్లో తన కుయే పచ్చగానే ఉండాలట. అన్నిటికన్నా పెద్ద గొడవ అట్ట వెనక రాయాల్సిన దాని మీద వచ్చింది. నా పథకం ఇది: అట్టకు నాలుగు మూలలు, నాలుగు కొట్లు. అట్ట తెచ్చినవాళ్ళకు ఒక్కో కొట్లో ఒక చిన్న పని ఊరికే. ప్యాంటు అంచు కుట్టడం, నుదుటి మీది జుట్టు కత్తిరించడం, ఒక కుయే, ఒక తాళంచెవి. పని అవగానే ఆ కొట్టువాళ్ళు తమ మూలను కత్తిరించి అట్ట వెనక్కి ఇచ్చేస్తారు. చేతిలో ఇంకా మూడు మూలలున్న అట్టను ఎవరు పారేస్తారు? పక్క కొట్టుకు వెళ్ళి తీరతారు! అయితే కింద చివరి తేదీ ఉండాలని పుస్తకం గట్టిగా చెప్పింది. టాన్ అంకుల్ మొదటిసారి పుస్తకం పక్షాన చేరాడు. "అవును, తేదీ ఉండాలి. లేకపోతే పదేళ్ళ తరవాత కూడా వచ్చి తాళంచెవి అడుగుతారు."

అమ్మ అప్పటిదాకా ఎవరిదో జాకెట్టు కుడుతూనే ఉంది. సూది మీంచి తల ఎత్తి, "వస్తే రానీయండి. ఒక అంచు కుట్టి ఇస్తామని చెప్పాం గదా. చెప్పిన మాటకి తేదీ ఏటండి?" అంది. ఆ మాట అమ్మకు తెలుగులోనే వచ్చింది, నేను మలయ్‌లోకి, ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాను. టాన్ అంకుల్ మేకు మీద ఒక్క దెబ్బ వేసి, "రత్నం మొండిది" అని ముగించాడు. తేదీ లేకుండానే అచ్చుకు ఇచ్చాం.

పొట్లాలు అట్టపెట్టెల్లో వచ్చిన రోజు నేను ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని అచ్చు సిరా వాసన చూశాను. నా మొదటి ప్రచురణ అనుకోండి! వాటిని కొట్లలో పెట్టి పంచొచ్చు, కానీ కొట్లకు రానివాళ్ళే కదా మాకు కావలసింది. కొనేవాళ్ళు కూర్చునే చోటికే ప్రకటన నడిచి వెళ్ళాలని ఇంకో పుస్తకంలో రాసుకున్నాను. మా పేట కూర్చునే చోటంటే హాకర్ సెంటర్. ఒకే కప్పు కింద చుట్టూ తిండి కొట్లు, మధ్యలో బల్లలు, పక్కనే కూరగాయల బజారు. దీపావళికి ఇంకా మూడు వారాలుందనగా ఒక ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే, రెండు సంచులు మోసుకెళ్ళి ప్రతి బల్ల మీద ప్రతి కుర్చీకి ఎదురుగా ఒక్కో పొట్లం చక్కగా సర్ది పెట్టాను. బొమ్మలు పైకి, పేర్లు మనిషి వైపుకి. అన్నీ పెట్టాక స్తంభం పక్కన నిలబడి చూస్తే, ఎంత అందంగా ఉందో ఆ హాలు!

మన ఊళ్ళో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు ఆపుకుంటారు చూడండి, సింగపూర్‌లో తిండి బల్ల దగ్గర టిష్యూ పొట్లంతో ఆపుకుంటారు. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారు. కుర్చీ ముందు పొట్లం ఉందంటే ఆ మనిషి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళాడని అర్థం. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా ఎవరూ అక్కడ కూర్చోరు. ఈ సంగతి తెలియని పసిపాప కూడా ఊళ్ళో లేదు. నేను కూడా ఏళ్ళ తరబడి రోజూ చోప్ చేసినదాన్నే. నోటుబుక్కులో రాసుకున్న వాక్యం తప్ప ఆ పొద్దున నా బుర్రలో ఇంకేమీ లేదు.

జనం వచ్చారు. మొదటి కుటుంబం ఒక బల్ల చూసింది, పొట్లాలు చూసింది, పక్క బల్లకు వెళ్ళింది. అక్కడా పొట్లాలే. ఇంకో బల్ల. వెనకాల ఇంకో కుటుంబం. పావుగంటలో వంద మంది దాకా పళ్ళేలు పట్టుకుని ఖాళీ కుర్చీల మధ్య నిలబడిపోయారు. ఒక్కరూ కూర్చోలేదు. నూడుల్స్ గిన్నె రెండు చేతులా పట్టుకున్న ఒక అవ్వ, "పెళ్ళివాళ్ళేమో లా, మొత్తం చోప్ చేశారు" అంది. ఇంకొకాయన "ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట" అన్నాడు. కూర్చోవడానికి చోటు లేదని జనం ఆర్డర్లు ఇవ్వడం మానేశారు. చేపల నూడుల్స్ కొట్టాయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు, ఒక పొట్లం లాక్కుని అట్ట మీదిది పైకి చదివాడు. "ఎవరు ఈ రత్నం? రత్నం ఎక్కడ?"

నేను స్తంభం వెనక్కి జరిగాను. నాకు ఇప్పటికీ ఆ స్తంభం మీది పగులు గుర్తుంది, అంత శ్రద్ధగా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయన మళ్ళీ అరిచాడు. హాలంతా పొట్లాలు తిరగేసి చదవడం మొదలుపెట్టింది. రత్నం, లిన్, రోస్నా, టాన్. రత్నం ఎవరు, రత్నం ఎవరు. అప్పుడు కూరగాయల బజారు వైపు నుంచి, చంకలో గోంగూర కట్టతో, అమ్మ వచ్చింది. ప్రతి ఆదివారం అక్కడికే వస్తుందని నేను మరిచిపోయాను.

"నేనే రత్నం. ఏటైంది?"

ఒక్కసారి బల్లల వంక చూసింది, నిలబడ్డ జనం వంక చూసింది, స్తంభం పక్కన కనబడుతున్న నా లంగా అంచు వంక చూసింది. అంతా అర్థమైపోయింది. ఇక ఈ వారమే ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తుందని నేననుకున్నాను. అమ్మ గోంగూర కట్ట ఒక కుర్చీలో పెట్టింది. మొదటి బల్ల మీది పొట్లం తీసి ఆ అవ్వ చేతిలో పెట్టి, "దుదుక్, దుదుక్" అంది. కూర్చోండి అని మలయ్‌లో. "ఇది మీకే. నా కూతురు మీ కోసమే పెట్టింది. కూర్చోండమ్మా, నూడుల్స్ చల్లారిపోతాయి." తరవాత పక్క మనిషికి. ఆ తరవాత ఇంకొకరికి. ప్రతి ఒక్కరి చేతిలోనూ పొట్లం పెట్టి, భుజం తట్టి కూర్చోబెట్టి, ఒక మాట అడుగుతూ పోయింది. పెళ్ళిలో వడ్డన చేస్తున్నట్టుంది. మూడో బల్ల దగ్గరికి వచ్చేసరికి జనం నవ్వడం మొదలైంది. నేను స్తంభం వదిలి బయటికొచ్చి రెండో వరస మొదలుపెట్టాను. నా ముఖం మండిపోతోంది, కానీ నేనూ నవ్వుతున్నాను. ఒకామె అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "ఆంటీ, ప్యాంట్లు కురచ చేస్తారా? మా పిల్లలవి ఆరున్నాయి" అంది. చేపల నూడుల్స్ కొట్టాయన లోపలికి పోతూ పోతూ నాలుగు పొట్లాలు జేబులో వేసుకున్నాడు.

సోమవారం షట్టరు ఎత్తేసరికి బయట ముగ్గురున్నారు. "హాకర్ సెంటర్ మొత్తం చోప్ చేసిన ఆంటీ కొట్టు ఇదేనా?" అని అడిగారు. ఆ పేరు అమ్మకు స్థిరపడిపోయింది, చోప్ ఆంటీ. మధ్యాహ్నానికి మొదటి అట్ట మీది కత్తెర మూల తెగింది. ఆ మనిషి మిగతా మూడు మూలలూ వేళ్ళతో తడిమి చూసుకుంటూ, అలాగే లిన్ ఆంటీ కొట్లోకి నడిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆరువందల యాభై ఎనిమిది, రెండు కాళ్ళతో మా వరసలో నడుస్తోంది! సాయంత్రం టాన్ అంకుల్ చేతిలో అట్టతో వచ్చి, "ప్రొఫెసరుకు చెప్పులు పాడైతే నా దగ్గరికి పంపు, ఊరికే కుడతాను" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతకు మించి ఉండదు. దీపావళికి అమ్మ నిద్ర మానుకుని జాకెట్లు కుట్టింది. పండగ వెళ్ళిన వారానికి అద్దె కాగితం మీద తెలుగులో పొడుగ్గా సంతకం పెట్టింది. ఫ్యాక్టరీ మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు. ఆ కొట్లో ఆవిడ చూపు చాలినంతకాలం నోరారా మాట్లాడుతూ కుట్టింది.

ఇప్పుడు ఆ వరసలో ట్యూషన్ సెంటరు, ఫోన్ల కవర్లమ్మే కొట్టు, పెంపుడు కుక్కలకు స్నానం చేయించే కొట్టు ఉన్నాయి. టాన్ అంకుల్ పోయాడు. లిన్ ఆంటీ కొడుకు దగ్గరికి మలేషియా వెళ్ళిపోయింది. రోస్నా అక్క మాత్రం ఇంకా ఈ బ్లాకులోనే ఉంది, ఇంట్లోనే కుయే చేస్తుంది, కూతురు ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది. మైత్రి పని చేసే పద్ధతి చూస్తే నాకు అసూయగా ఉంటుంది, నిజం. ఏ ప్రకటన ఎవరు ఎంతసేపు చూశారో దానికి తెలిసిపోతుంది. మాకు తెలిసేది కాదు. కానీ మా ప్రకటన చదివినవాడి ముఖం మాకు తెలుసు, వాడి ప్యాంటు పొడవు తెలుసు, వాళ్ళమ్మ మోకాలి నొప్పి కూడా తెలుసు. ఏది మేలని నన్నడగొద్దు. దాని పద్ధతి మీద కూడా లైబ్రరీలో పుస్తకాలొచ్చాయి, రెండు తెచ్చుకున్నాను, చదువుతున్నాను.

కథంతా విని మైత్రి పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. నేను వద్దనేలోపు చర్రున చింపేసింది. నా ప్రాణం ఉసూరుమంది. టిష్యూలు పొడిపొడిగా రాలాయి. అది అట్ట తిప్పి వెనక చదివింది, మళ్ళీ చదివింది.

"అమ్మమ్మా, దీని మీద ఎక్స్‌పైరీ లేదు."

మంచం మీద చీరలు మడతపెడుతున్న అమ్మ తల ఎత్తలేదు. "ఉండదు. నేనే వద్దన్నాను."

"అయితే నా జీన్స్ పొడుగైపోయింది. ఒక అంచు ఫ్రీ అంట."

అమ్మ మడత ఆపింది. దాని కాళ్ళ వంక, మడమల కింద నలుగుతున్న అంచు వంక చూసింది. తరవాత లేచి మిషను మీది దుప్పటి లాగేసింది. "సూదిలో దారం నువ్వెక్కించు. నాకు కనబడదు. మిగతాది చేతులకి తెలుసు." మైత్రి నాలుక బయటపెట్టి, మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఎక్కించింది. అమ్మ చక్రాన్ని అరచేత్తో ఒక్క తిప్పు తిప్పింది. ఖాళీ అయిన ఫ్లాట్ గోడలకు ఆ చప్పుడు కొట్టుకుని, గది మొత్తం మా పాత కొట్టయిపోయింది. కుడుతున్నంతసేపూ అమ్మ నోరు ఆగలేదు. ఆఫీసులో భోజనం ఎవరితో చేస్తావు, ఆ అబ్బాయిది ఏ ఊరు, వాళ్ళమ్మ ఏం చేస్తుంది. మైత్రి నాకు ఇన్నాళ్ళూ చెప్పనివి రెండు అంగుళాల అంచు పూర్తయ్యేలోపు చెప్పేసింది.

దారం కొరికాక అమ్మ కత్తెర అడిగింది. అట్ట తీసుకుని, వేలితో తడిమి తన మూల వెతుక్కుని, టక్కున కత్తిరించి వెనక్కి ఇచ్చింది. మైత్రి మిగిలిన మూడు మూలలూ వేళ్ళతో తడుముతోంది.

"చూస్తావేటే?" అంది అమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "రోస్నా కింద రెండో అంతస్తులోనే గదా ఉంది. మనకి ఒక కుయే రావాలి. చెప్పులేసుకోండి."